పద్దెనిమిది ఎడమ మోకాళ్లు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ప్యాకింగ్ సెక్షన్‌లో అందరికీ తెలుసు. నన్ను పిలిచే పేరే వాగుడుకాయ. అలాంటిదాన్ని, ఒకసారి నాలుగు రోజులపాటు ఒక మాటని కడుపులోనే పెట్టుకుని తిరిగాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు పిన్ని సంగతి చెప్పాలి. పిన్ని ఊసెత్తకుండా మా సెక్షన్ గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు.

మాది పింగాణీ కప్పులు, సాసర్లు, ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీ. బట్టీలో కాలి, చల్లారిన సరుకు ఆఖర్న మా దగ్గరికొస్తుంది. మేం పద్దెనిమిది మందిమి, అందరం ఆడవాళ్లమే. పొడుగాటి బల్లల దగ్గర నిలబడి, ఒక్కో కప్పునీ కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, ఆ పెట్టెల్ని పాలెట్ మీద పేరుస్తాం. పాలెట్ అంటే ఏం లేదు, కింద సందులున్న పెద్ద చెక్క పీట. ఫోర్క్‌లిఫ్ట్ బండి వచ్చి ఆ సందుల్లోకి ఇనప చేతులు రెండూ దూర్చి, పీటతో సహా మొత్తం ఎత్తుకుని గోడౌన్‌కి తీసుకెళ్తుంది. మేం ఎంత గబగబా చేసినా ఆ బండి వచ్చి ఎత్తేదాకా మా పని అయినట్టు కాదు. బండి నడిపేవాళ్లు ఇద్దరు, ఇద్దరూ మగవాళ్లే. అందులో ఒకాయనకి మేం తుఫాను అని పేరు పెట్టుకున్నాం. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, ఆయన వచ్చి వెళ్లాక పెట్టెలో కప్పులు గలగలమంటాయి.

పిన్ని ఆ బల్లల దగ్గర ఇరవై రెండేళ్లుగా ఉంది. వయసు యాభై రెండు. నాకు సొంత పిన్నేం కాదు. ఆమె కంటే రెండేళ్లు పెద్దదైన టేపు మిషను అక్క కూడా ఆమెని పిన్నీ అనే పిలుస్తుంది. సన్నగా, పొట్టిగా ఉంటుంది. మాట తక్కువ. ఆమె చేతిలో కప్పు పగలడం నేనైతే చూడలేదు. ఇక ఆమె చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. వాళ్లాయన, అంటే మా బాబాయి, పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పని చేస్తాడు. ఆ రాత చూసే పెళ్లికి ఒప్పుకున్నానని ఇప్పటికీ అంటుంటాడు.

చిక్కంతా ఆ చేతిరాతతోనే వచ్చింది. సెలవు చీటీ అయినా, బ్యాంకు ఫారమైనా, పిల్లల స్కూలు కాగితాలైనా మాకు పిన్నే దిక్కు. అలాగని మాలో చదువు రానివాళ్లు ఎవరూ లేరు, నేను పదో తరగతి పాసయ్యాను. రాయడం రాక కాదు, తప్పు రాస్తామేమోనని భయం. ఫారం వెనక్కొస్తే ఆఫీసు గుమాస్తా పదిమందిలో పేరు పెట్టి పిలిచి మరీ దులిపేస్తాడు. అందుకని ఎప్పుడో ఒక పద్ధతి పడిపోయింది. ఏ ఫారం వచ్చినా పిన్ని ముందు తనది నింపుతుంది. దాన్ని భోజనాల బల్ల మీదున్న అద్దం కింద పెడుతుంది. మిగతా పదిహేడు మందిమీ దాన్ని చూసి, పేరూ నంబరూ మార్చుకుని, మిగతాదంతా మక్కికి మక్కి దించేస్తాం. దాన్నే మోడల్ ఫారం అంటాం. నేను చేరి పదకొండేళ్లయింది, ఈ పదకొండేళ్లలో మా సెక్షన్ ఫారం ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఇలా ఉండగా ఈ ఏడాది శిక్షణ వచ్చిపడింది. అంతకుముందు కూడా శిక్షణలు లేకపోలేదు. ఏడాదికోసారి అందర్నీ ఒక హాల్లో కూర్చోబెడితే, ఎవరో ఒకాయన టై కట్టుకునొచ్చి సమయాన్ని ఎలా పొదుపు చేసుకోవాలో మూడు గంటలు చెప్పేవాడు. మేం కళ్లు తెరుచుకుని నిద్రపోయేవాళ్లం. ఈసారి అలా కాదన్నారు. కంపెనీ బయటినుంచి ఒకావిడని పిలిపించింది. ఆవిణ్ని ట్రైనింగ్ మేడమ్ అనేవాళ్లం. ఎవరికి తగ్గ శిక్షణ వాళ్లకి, ఎవరి చొక్కా వాళ్ల కొలతకే కుట్టాలి కదా అందావిడ. ముందు ఒక ఫారం నింపివ్వాలి, దాన్నిబట్టి ఎవరికేం నేర్పించాలో ఆవిడ చూస్తుంది. ఇప్పుడేం పని చేస్తున్నారు, ఏ పని నేర్చుకోవాలనుంది, ఎందుకు, ఉద్యోగం సంగతి పక్కన పెడితే మీ బతుకులో ఏం బాగుపడాలనుకుంటున్నారు, ఇవీ ప్రశ్నలు. భోజనాల టైము అయ్యేలోగా ఇచ్చెయ్యాలి.

ఆ రోజు పిన్ని అన్నం డబ్బా కూడా తెరవకుండా ఆ ఫారం ముందేసుకుని కూర్చుంది. రెండు లైన్లు రాయడం, కిటికీలోంచి చూడ్డం. ఎప్పుడూ అంతసేపు పట్టదు. రాసి పెన్ను మూత పెట్టిందో లేదో, స్టోర్సులోంచి పిలుపొచ్చింది, అట్టపెట్టెల లోడు వచ్చింది, వచ్చి చూసుకోమని. కాగితం బల్ల మీదే వదిలేసి గబగబా వెళ్లింది. ఆ కాగితం తీసి అద్దం కింద పెట్టింది ఎవరయ్యా అంటే, నేనే. ఇదిగోనర్రా మోడల్, త్వరగా కానివ్వండి అని కేకేసింది కూడా నేనే. పిన్ని రాసిందంటే కంపెనీకి కావలసిన జవాబు అదేనని మా నమ్మకం. అందరం వంగి చకచకా రాసేశాం. పిన్ని తిరిగొచ్చేసరికి గుమాస్తా అన్నీ పోగు చేసుకుని వెళ్లిపోయాడు. నీది కూడా ఇచ్చేశాంలే పిన్నీ అని చెప్పాను, ఏదో సాయం చేసినట్టు.

ఏం రాశానో నాకు గుర్తుండి ఏడిస్తేగా. చెయ్యి రాసింది, బుర్ర అన్నం డబ్బాలో ఉంది.

పది రోజులకి కంపెనీ డాక్టరు నర్సుని వెంటబెట్టుకుని మా సెక్షన్‌కి వచ్చాడు. ఒక్కొక్కరూ రండి, ఎడమ మోకాలు చూపించండి అన్నాడు. మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. అప్పుడు వెలిగింది నాకు. ఆఖరి ప్రశ్నకి పిన్ని ‘నా ఎడమ మోకాలి నొప్పి తగ్గాలి’ అని రాసుకుంది. మేమూ అదే రాశాం. ఒకే గదిలో పనిచేసే పద్దెనిమిది మందికి ఒకే మోకాలు నొప్పంటే ఇదేదో బల్లల ఎత్తులో లోపం అయ్యుంటుందని ట్రైనింగ్ మేడమ్ కంగారుపడి డాక్టరుని పంపించింది. ఇప్పుడు లేదంటే అబద్ధం రాసినట్టవుతుంది, ఉందంటే చూపించాలి. తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. ఈమధ్యే చేరిన కొత్తమ్మాయి మోకాలు డాక్టరు నొక్కగానే కిసుక్కున నవ్వేసింది. టేపు మిషను అక్క ఎందుకైనా మంచిదని కుంటుకుంటూ వెళ్లింది. కుంటింది కుడికాలు. పదిహేడు మోకాళ్లు చూసీ చూసీ ఆ డాక్టరుకి తిక్క రేగింది. పిన్ని వంతు చివరికొచ్చింది. నిజంగా నొప్పున్న మోకాలు ఆ గదిలో అదొక్కటే. మీకు కూడానా తల్లీ అనేసి, చెయ్యైనా వెయ్యకుండా ఆయన బ్యాగు సర్దుకున్నాడు. పిన్నికి ఏం జరుగుతోందో అప్పటికి తెలీదు. నాకు తెలుసు, నేను నోరు మెదపలేదు.

మర్నాడు షిఫ్టు మొదలవుతుండగా మేనేజరు గారు ఫారాల కట్టతో వచ్చారు. మమ్మల్ని వరసగా నిలబెట్టారు. ఆయన అరిచే మనిషి కాదు, అరిచినా బాగుండేది. కంపెనీ మొదటిసారి ఒక్కొక్కరి మనసులో ఏముందో అడిగితే మీకు వేళాకోళంగా ఉందా అన్నారు. పద్దెనిమిది మందీ ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకుంటారట. ఎందుకయ్యా అంటే, అని ఒక కాగితం తీసి చదివారు.

“ఇరవై రెండేళ్లుగా నేను పేర్చిన పెట్టెల పక్కన నిలబడి, ఎవరో వచ్చి ఎత్తుతారని ఎదురుచూస్తున్నాను. ఒక్కసారైనా నేనే ఎత్తాలని ఉంది.”

ఆయన చదివిన కాగితం కొత్తమ్మాయిది. ఈ పిల్లకే ఇరవై మూడేళ్లు, ఉయ్యాల్లోంచే పెట్టెలు పేర్చడం మొదలుపెట్టిందా అని అడిగారు. మాలో ఎవరో నవ్వారు, ఆ నవ్వు అందరికీ అంటుకుంది. భయంతో వచ్చే నవ్వు ఎలా ఉంటుందో తెలుసుగా, ఆపుకునేకొద్దీ తన్నుకొస్తుంది. నేనూ నవ్వుతూ పక్కకి చూశాను. పిన్ని నవ్వట్లేదు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. తల వంచుకుని తన చేతులకేసి చూసుకుంటోంది. అప్పటిదాకా ఆ వాక్యం ఒక జవాబనుకున్నాను. అది పిన్ని మనసని అప్పుడు తెలిసింది.

మేనేజరు గారు వెళ్లాక ఆమె దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను, అద్దం కింద పెట్టింది నేనేనని కూడా. ఆమె కాగితం చుట్టలోంచి ఒక ముక్క చింపి కప్పు చుట్టింది, ఇంకో ముక్క చింపి ఇంకో కప్పు చుట్టింది. అప్పుడు అంది.

“అది మోడల్ కాదే. నాది.”

అంతే అంది. తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది.

అక్కడితో ఆగినా బాగుండేది. రెండ్రోజులకి నోటీసు బోర్డులో కాగితం అంటించారు. డ్రైవింగ్ స్కూల్లో పది రోజుల ఫోర్క్‌లిఫ్ట్ శిక్షణ, మా సెక్షన్‌కి ఒకే సీటు. అందరూ అదే అడిగారు కాబట్టి వయసూ హాజరూ చూసి ఒకరిని ఎంపిక చేశారట. ఆ ఒకరూ నేనే. శిక్షణ పాసైతే బండి మీద ఉద్యోగం, ఎప్పుడూ ఉదయం షిఫ్టే. ఎవరికైనా అభ్యంతరముంటే అయిదు రోజుల్లోగా ట్రైనింగ్ మేడమ్‌కి చెప్పుకోవచ్చని కింద రాసుంది.

నేను చెయ్యాల్సింది ఎంత. మేడమ్ గదికి వెళ్లి, అమ్మా మేమంతా చూసి రాశాం, సొంతంగా రాసింది పిన్నొక్కతే అని చెప్పడం. రెండు నిమిషాల పని. చెప్పలేదు. ఉన్నమాట ఒప్పుకుంటాను, నాకు ఆశ పుట్టింది. మా అమ్మాయి మూడో తరగతి. నాకు వారం విడిచి వారం రెండో షిఫ్టు పడుతుంది. ఆ వారమంతా నేనింటికెళ్లేసరికి అది నిద్రపోయి ఉంటుంది, నోటు పుస్తకం నా దిండు మీద పెట్టి. ఎప్పుడూ ఉదయం షిఫ్టే అంటే సాయంత్రాలన్నీ నావే. పిన్నికి యాభై రెండేళ్లు, ఎలాగూ ఆమెకి ఇవ్వరు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంట్లో మా ఆయనకి కూడా అసలు సంగతి చెప్పలేదు. ఏమిటే, ఈమధ్య నోటికి తాళం వేశావని అతను ఆశ్చర్యపోయాడు. మొదటి రోజు గడిచింది, రెండు గడిచింది, మూడు గడిచింది. కక్కలేను, మింగలేను.

నాలుగో రోజు భోజనాల దగ్గర పిన్ని నా పక్కనొచ్చి కూర్చుంది. డ్రైవింగ్ స్కూలు వాళ్ల ఫారం వచ్చిందటగా, ఇలా ఇవ్వు, నింపేస్తాను అంది. వద్దు పిన్నీ, నేను రాసుకుంటాలే అన్నాను. నీ రాత కోడి కెలికినట్టుంటుంది, బయటివాళ్ల దగ్గర మన పరువు పోతుంది అని తనే లాక్కుంది. పేరు, నంబరు, అడ్రసు, రక్తం గ్రూపు, అన్నీ ముత్యాల్లా పేర్చుకుంటూ పోయింది. రాస్తూనే బండి గురించి చెప్పడం మొదలుపెట్టింది. నా చెంచా, తన చెంచా పక్కపక్కన నిలబెట్టింది. ఇది ఎత్తే కడ్డీ, ఇది వంచే కడ్డీ. సరుకు ఎత్తాక కొంచెం నీ వైపు వంచుకోవాలి, లేకపోతే ముందుకి జారుతుంది. ఈ బండికి వెనక చక్రాలు తిరుగుతాయి, నువ్వు మలుపు తిప్పితే తోక అటుపోతుంది, అందుకని తోక మీద ఒక కన్నేసి ఉంచు. తుఫాను చేసే తప్పు ఇంకొకటి, కిందికి దించేటప్పుడు ఆఖరి జానెడు దూరం ఓపిక పట్టడు అంది.

ఇదంతా నీకెలా తెలుసన్నాను. చూసి నేర్చుకున్నానంది. ఎనిమిదేళ్ల కిందట ఒక రోజు బండాయన రాక పాలెట్లన్నీ ఆగిపోయాయట. గంటసేపు ఎదురుచూసి చూసి, ఎవరూ లేరు కదా అని పిన్ని ఆ బండెక్కి సీట్లో కూర్చుందట. తాళం లేదు, ఏం లేదు, ఊరికే కూర్చుంది. వాచ్‌మన్ చూసి, దిగు దిగు, అది ఆడవాళ్లు ఆడుకునే బండి కాదని గద్దించాడట. అప్పట్నుంచీ రోజూ బండాయన చేతులకేసి చూడటం అలవాటైంది. ఇంట్లో అన్నం గిన్నెలో రెండు గరిటెలు నిలబెట్టి కుడిచేత్తో తిప్పుతుంటే బాబాయి చూసి, సైకిలైనా రాదు, బండి ఏం తోలతావే అని ఏడిపిస్తాడట. చెబుతూ చిన్నగా నవ్వింది. అడగందే అమ్మైనా పెట్టదంటారుగా, ఈసారి అడుగుదామనుకున్నానంది. ఆ మాటలో నిష్ఠూరం వెతికాను. లేదు.

ఫారం చివరికొచ్చింది. ‘ఈ శిక్షణ ఎందుకు కోరుకుంటున్నారు’ అని ఒక ప్రశ్న. పిన్ని పెన్ను ఆగింది. కళ్లజోడు పైనుంచి నాకేసి చూసింది.

“ఏం రాయమంటావు? నీకెందుకో చెప్పు, రాస్తాను.”

ఉదయం షిఫ్టు కోసమని చెప్పడానికి నోరు రాలేదు. బండి మీద మనసుందనడానికి, ఏనాడూ దానికేసి తేరిపార చూసింది లేదు. ఆమె పెన్ను పట్టుకుని నా కోసం ఎదురుచూస్తోంది. ఎనిమిదేళ్లు చూసి చూసి నేర్చుకున్నదంతా నాకు ధారపోసి, తన సీటుకి నా పేరు తన చేత్తోనే రాస్తోంది. ఛీ, ఏం బతుకే నీది అనిపించింది. ఏడుపొచ్చేసింది. కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని లేచి తిన్నగా ఆఫీసు మెట్లెక్కాను.

ట్రైనింగ్ మేడమ్ గది పైనే ఉంటుంది. చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. అద్దం కింద మోడల్ ఫారం దగ్గర్నుంచి డాక్టరు మోకాళ్లదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదో, అది కూడా. ఆవిడ మధ్యలో రెండుసార్లు నవ్వాపుకుంది, చివర్లో మాత్రం నవ్వలేదు. అయితే మిగతా పదిహేడు మందికీ ఏం కావాలో నాకు ఇంకా తెలీదన్నమాట అంది. నా ముందు ఒక తెల్ల కాగితం పెట్టింది. ప్రశ్నలేం లేవు, ఉట్టి కాగితం. మీకేం కావాలో రాయండి అంది. అరగంట కూర్చున్నాను. ఇంటికేం కావాలో తెలుసు, పిల్లకేం కావాలో తెలుసు, మా ఆయన చొక్కా కొలతా తెలుసు. నాకు అని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. ఆఖరికి ‘తెలీదు. ఇంకోసారి అడగండి’ అని రాసిచ్చాను. అది కూడా జవాబేనని ఆవిడ ఫైల్లో పెట్టుకుంది.

తర్వాత ఒక్కొక్కర్నీ ఆ గదిలోకి పిలిచింది, విడివిడిగా. ఆ రెండు రోజులు మా సెక్షన్ చూడాలి. లోపలికెళ్లడానికి భయం, బయటికొచ్చాక ఏదో వెలుగు. కొత్తమ్మాయి కప్పుల మీద పూలు వేసే సెక్షన్‌కి వెళ్లాలనుకుంటోందట. ఒకావిడ ఈత నేర్చుకోవాలని రాసిందట. టేపు మిషను అక్క మాత్రం నాకు ఏమీ నేర్పొద్దమ్మా, కూర్చోడానికి ఒక స్టూలు ఇప్పించండి చాలు అందట.

పిన్ని సీటు మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. అది మేనేజరు గారి సంతకంతో పని. మేడమ్ నన్నూ పిన్నినీ వెంటబెట్టుకుని ఆయన గదికి తీసుకెళ్లింది. నా పేరు కొట్టెయ్యండి సార్, నేను చూసి రాశాను, అసలు మనిషి ఈమే అని చెప్పాను. ఆయన చాలాసేపు నాకేసి చూసి, ఇంతకీ ఆ మోకాలెవరిదని అడిగారు. నాదే సార్ అంది పిన్ని. ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. కానీ సీటు దగ్గరికొచ్చేసరికి బిగుసుకున్నారు. కుర్రవాళ్లు చేసే పని, పది రోజుల శిక్షణకి కంపెనీ ఖర్చు, ఇంకా ఎన్నాళ్లు పనికొస్తుంది అన్నట్టు మాట్లాడారు. ఎత్తేవాళ్లకి పెట్టెలో ఏముందో తెలిస్తే సరుకు పగలడం తగ్గుతుందని, పేర్చిన చేతికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదని మేడమ్ నచ్చజెప్పింది. ఆయన మేడమ్ మాట పక్కనపెట్టి తిన్నగా పిన్నినే అడిగారు.

“రిటైరవడానికి ఎనిమిదేళ్లే కదమ్మా ఉంది. ఇప్పుడెందుకు మీకిదంతా?”

పదిహేడు మందికి మోడల్ రాసిచ్చిన మనిషి, తన కోసం ఒక మాట చెప్పుకోలేక నిలబడిపోయింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. నాకు నాలుక దురద పెడుతోంది, అందించేద్దామని. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇరవై రెండేళ్లు ఎలా గడిచాయో నాకు తెలుసు సార్” అంది పిన్ని. “ఈ ఎనిమిదేళ్లు ఎలా గడుస్తాయో కూడా ఇప్పుడే తెలిసిపోతే, ఇంక రోజూ లేచి రావడం దేనికి సార్?”

గట్టిగా కూడా అనలేదు. మేనేజరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకీ రిటైర్మెంటు దగ్గర్లోనే ఉందని తర్వాత తెలిసింది మాకు. డాక్టరు సర్టిఫికెట్ తెస్తే సంతకం పెడతానన్నారు.

డాక్టరు ఈసారి ఆ మోకాలిని సరిగ్గా చూశాడు. రోజంతా నిలబడి నిలబడి అరిగిందని, వ్యాయామం రాసిస్తానని, కూర్చుని చేసే పనైతే ఇంకా మంచిదని చెప్పాడు. కూర్చుని చేసే పనేనండి అంది పిన్ని, బండి సంగతి చెప్పకుండా. తర్వాత చెప్పక తప్పలేదు, రెండు కాళ్లతోనూ బండి పెడల్ నొక్కించి చూసి మరీ సర్టిఫికెట్ ఇచ్చాడు.

స్కూల్లో పది రోజులు. మొదటి పరీక్షలో పిన్ని తప్పింది. తోక మీద కన్నేసి ఉంచమని నాకు చెప్పిన మనిషే, మలుపు దగ్గర బండి తోకతో డ్రమ్ముని గుద్దేసింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, చెంచాలకి తోక ఉండదే, అందుకని తెలీలేదు అంది. బాబాయి మర్నాడు షాపుకి సెలవు పెట్టి వెళ్లి, రోజంతా మైదానం పక్కన గోడ మీద కూర్చున్నాడట. రెండోసారి పాసైంది.

తిరిగొచ్చిన రోజు ఉదయం మేం ఎవరం కప్పు ముట్టుకోలేదు. తుఫాను తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, వెనక్కి చూసుకో అక్కా అన్నాడు. పిన్ని మెట్టు మీద కాలు పెట్టి ఎక్కి కూర్చుంది. బండి శబ్దం చేసింది. నెమ్మదిగా, విసుగొచ్చేంత నెమ్మదిగా వచ్చి, నేను పేర్చిన పాలెట్ కిందికే ఇనప చేతులు దూర్చింది. కొంచెం ఎత్తింది, కొంచెం తన వైపు వంచుకుంది. గోడౌన్‌లో దించేటప్పుడు ఆఖరి జానెడు దూరం ఎంతసేపు పట్టిందో. దించాక అందరం చెవులు రిక్కించాం. ఒక్క కప్పు గలగలమనలేదు. కొత్తమ్మాయి చప్పట్లు కొట్టింది, ఆపైన అందరం కొట్టాం. మేనేజరు గారు గోడౌన్ తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ చుట్టూ మూగి ఎలా ఉంది పిన్నీ అని ప్రాణం తీశారు. బాగుందర్రా, బాగుంది అని అందర్నీ పంపించేసింది. నేనొక్కదాన్నే మిగిలాను. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఉంది కూడా, కానీ ఏదో చూసొచ్చిన మనిషిలా ఉంది. ఏమైంది పిన్నీ అన్నాను.

“ఆ సీట్లోంచి చూస్తే మన బల్లలన్నీ కనబడతాయే. మీరంతా నిలబడి ఉన్నారు, నా చోటు ఒక్కటే ఖాళీగా ఉంది” అంది. “రెండడుగులుంటుందేమో. ఇన్నేళ్లూ అక్కడే ఉన్నానా అనిపించింది.”

అని డబ్బా మూత పెట్టి బండి దగ్గరికి వెళ్లిపోయింది.

పిన్ని చోటు పక్కది నాది. పదకొండేళ్లుగా అక్కడే నిలబడుతున్నాను. గంట కొట్టేలోగా వెళ్లి దాన్ని చూశాను. నేల మీద రంగు రాసిన సిమెంటు, నా కాళ్లు ఆనేచోట మాత్రం రంగు లేచిపోయి ఉంది. అదీ రెండడుగులే.